బ్లూ రిడ్జ్ పార్క్‌వేకి విరాళం: మన విరాళానికి జతగా కంపెనీ ఇచ్చే మ్యాచింగ్ సొమ్ము కూడా కాలిబాటలకే వెళ్లాలంటే ఏం చేయాలి?

నార్త్ కరోలినా, వర్జీనియాల్లో ఉన్న మనవాళ్లు కాస్త చెప్పగలరా అండీ? 469 మైళ్ల ఈ కొండదారికి ప్రవేశ రుసుము లేదు. టికెట్ పెట్టిన నేషనల్ పార్కులు ఆ వసూళ్లలో కనీసం 80 శాతం తమ దగ్గరే వాడుకుంటాయి, దీనికా ఆదరువు లేదు. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్‌కి చరియలు విరిగిపడి చాలాచోట్ల రోడ్డే కొట్టుకుపోయింది. రోడ్డు కట్టడం ఫెడరల్ నిధుల పని. కాలిబాటలు బాగుచేయడం, వ్యూ పాయింట్ల ముందు పెరిగిన చెట్లు నరికి లోయ మళ్లీ కనబడేలా చేయడం లాంటివాటికే విరాళాలు బాగా అక్కరకొస్తాయి.

ఈ దారి కోసం విరాళాలు సేకరించే బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఫౌండేషన్‌కి ఇస్తూ ‘కాలిబాటలకే’ అని రాస్తే అది మన సొమ్ముకి వర్తిస్తుంది. కంపెనీ మ్యాచింగ్ మొత్తం ఆ గమనిక లేకుండా విడిగా వెళ్తే సాధారణ నిధిలో కలిసిపోవచ్చు. కంపెనీ విరాళాల పోర్టల్‌లో కేటాయింపు గడి నింపితే సరిపోతుందా, లేక ఫౌండేషన్‌కి ముందే ఈమెయిల్ పెట్టాలా? 250 డాలర్లు, ఆపైన ఇస్తే పన్ను మినహాయింపుకు రాతపూర్వక రసీదు తప్పనిసరి కదా, అందులో కేటాయింపు కూడా రాసిస్తారా? పోర్టల్‌లో దగ్గరదగ్గర పేర్లున్న సంస్థలు కనబడతాయి, అందుకే ఈఐఎన్ నంబరు (సంస్థ పన్ను గుర్తింపు సంఖ్య) సరిచూశాకే నొక్కాలి. ఇలా మ్యాచింగ్ చేయించినవాళ్లు వరుసక్రమం చెబితే మేలు.