పాత బస్టాండు స్థలంలో పార్కు: కానుగ మొక్కలు నిలవడం లేదు

మా ఊరి నడిబొడ్డున పాత బస్టాండు పడగొట్టి పార్కు వేశారు. సాయంత్రమైతే జనం వస్తున్నారు, పక్క షాపులకీ బేరాలు పెరిగాయి. కానీ నీడ లేదు. జూలైలో నాటిన కానుగ మొక్కల ఆకులు అంచుల నుంచి మాడి రాలిపోతున్నాయి. గోటితో గీరితే బెరడు కింద ఇంకా పచ్చగానే ఉంది. అడుగున్నర తవ్వితే కాంక్రీటు ముక్కలు, గట్టిపడిన కంకర. గుంతలో పోసిన నీళ్లు మర్నాటికి కూడా ఇంకడం లేదు. వర్మీకంపోస్టు, వేపపిండి వేశాం, నీళ్లు తగ్గించి చూశాం, తేడా లేదు. డాలస్‌లో 2012లో తెరిచిన క్లైడ్ వారెన్ పార్కునైతే ఏకంగా ఫ్రీవే మీదే కట్టి, దూలాల మధ్య తొట్లలాంటి జాగాల్లో మట్టి నింపి చెట్లు పెంచారు. మాకు మొత్తం మట్టి మార్చే బడ్జెట్ లేదు. ఒక్కో మొక్కకి ఎంత వెడల్పు, లోతు గుంత తవ్వి, అడుగున ఏం వేస్తే నీళ్లు దిగి కానుగ నిలదొక్కుకుంటుంది?