మహారాష్ట్ర తాడోబా పులుల అడవిలో జిప్సీలు (సఫారీ జీపులు) తగ్గించి బస్సులు నడపాలా?

బల్లార్షా బిడ్డ:
ఎండకాలం వచ్చిందంటే మొహర్లి గేటు కాడ జాతరే. చెరువుకు పులి దిగిందంటే ముందట జిప్సీ, ఎనక జిప్సీ. అమెరికాల జయాన్ పార్కు లోయలకు 2000 నుంచి సీజన్ల సొంత కార్లు పోనియ్యరట, అందరూ ఫ్రీ బస్సెక్కుడే. ఇక్కడ ముప్ఫై మంది పట్టే బస్సొకటి పెడితే ఐదు జిప్సీలు తగ్గుతయి. ఏమంటరు?

కోలారా గేటు:
జయాన్ల చూసేది కొండల్ని తమ్మీ, అవి ఎటూ పోవు. రాజస్థాన్ రణథంబోర్ పులుల అడవిల ఇరవై సీట్ల క్యాంటర్లు, అంటే టాపు లేని పెద్ద బండ్లు ఉన్నయి గదా, పులి కనబడితే అవీ అక్కడికే ఉరుకుతయి. ఇంకోటి, తునికాకుకు పోతే పులి భయం, చేనేస్తే పందుల భయం. మా ఊళ్లకు మిగిలింది ఆ డ్రైవరు, గైడు పనే. అదీ గుంజుకుంటరా?

రాజురా మాస్టారు:
గేటుకు పూటకిన్ని బండ్లని కోటా ఇప్పటికే ఉంది. మంగళవారం సెలవు, వానాకాలం మూడు నెలలు కోర్ (పులులుండే నడిమి అడవి) బంద్. కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకులకు వదలొద్దని 2012లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. లోపలికి పోయాక అందరూ ఒక్కచోట మూగడమే అసలు గొడవ. ఉమ్రేడ్-కర్హండ్లా అభయారణ్యంలో 2024 డిసెంబరు 31న ఎఫ్2 అనే ఆడపులిని, దాని ఐదు పిల్లల్ని జిప్సీలు చుట్టుముడితే నాగ్‌పూర్ హైకోర్టు బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. వేటు పడింది డ్రైవర్ల మీద, గైడ్ల మీద. "ఇంకొంచెం ముందుకు పోనియ్" అని వెనక సీట్లోంచి పోరుపెట్టేవాళ్ల సంగతి? పులి కనబడితే బక్షీసు, లేకుంటే మొహం మాడ్చుకోవడం! బండికో రూటు రాసివ్వండి, చెరువు దగ్గర పది నిమిషాలే ఆగనివ్వండి. తప్పితే టూరిస్టుకే జరిమానా వేసి, వాళ్ల గుర్తింపు కార్డు మీద ఏడాది బుకింగ్ ఆపండి.

బల్లార్షా బిడ్డ:
పెద్ద సాబ్‌లు ఇంకొకళ్ల పేరు మీద బుక్ చేస్తరు సార్.

రాజురా మాస్టారు:
చెయ్యనీ. గేటు దగ్గర చూసేది జిప్సీలో కూర్చున్న ఆరుగురి కార్డులే కదా. ఎవరు కూర్చుంటే వాళ్లదే ఆపాలి.

కోలారా గేటు:
గిది ఒప్పుకుంట. కని చెరువు కాడ పది నిమిషాలు లెక్కపెట్టేదెవలు? గైడు గడియారం చూసి "ఇగ పోదాం" అంటే సాబ్ వింటడా? అక్కడ ఫారెస్టోళ్ల మనిషిని నిలవెట్టాలె.