కోనసముద్రం ఉక్కు కత్తికి మ్యాజిక్ ఇవ్వాలా, వద్దా?

ఓరుగల్లు డీఎం:
హనుమకొండలో నేను డీఎంగా, అంటే కథ నడిపేవాడిగా, ఉన్న మా ఆట కాకతీయుల రాజ్యంలాంటి ఊహాలోకంలో నడుస్తోంది. రూల్స్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని డైస్‌తో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్‌వి, 2014 నాటివి. మా ఫైటర్‌కు (యోధుడి పాత్ర) కోనసముద్రం ఉక్కు కత్తి దొరికింది. ప్లస్ వన్ (దాడికీ దెబ్బకూ వేసే డైస్‌కు ఒకటి కలపడం) ఇచ్చి మాయా ఆయుధం కింద లెక్కేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

నిర్మల్ కొయ్యబొమ్మ:
వద్దన్నా. కోనసముద్రం నిజామాబాద్ జిల్లాలో నిజంగా ఉన్న ఊరు. అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మట్టి మూసలో ఇనుము పెట్టి, మూతి బిగించి, కొలిమిలో కరగబెట్టి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ ముద్దను తెల్లగా కాలేదాకా ఉంచి కొడితే పెళ్లలుగా విరిగిపోతుంది. తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగదీస్తేనే కత్తి మీద ఆ అలల గీతలు తేలతాయి. ఇదంతా మంత్రమే అనేస్తే కమ్మరి ఎటుపోయాడు?

కాజీపేట రోగ్:
టేబుల్ దగ్గర అంత చరిత్ర ఎవడికి కావాలి? ఇచ్చేయండి ప్లస్ వన్. లేకపోతే అడమంటైన్ అనే మహా గట్టి లోహపు కవచంలాగా అవుతుంది. పేరు చూస్తే భీకరం, చేసేదేమో శత్రువుకు పడ్డ క్రిటికల్‌ను (డైస్‌లో 20 పడితే తగిలే పెద్ద దెబ్బ) మామూలు దెబ్బగా మార్చడం. ఇరవైలో ఒకసారి ముచ్చట. ఒక్కోసారి సెషన్ మొత్తం దాని ఊసే రాదు.

నిర్మల్ కొయ్యబొమ్మ:
మిత్రల్ అనే తేలిక లోహానికి మాత్రం ప్లస్ ఉందా? మామూలు ప్లేట్ కవచానికి బలం 15 ఉండాలి, స్టెల్త్‌కు (ఎవరికంటా పడకుండా జారుకోవడం) రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి. మిత్రల్ ప్లేట్‌కు ఆ రెండు బాధలూ లేవు. మా పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధుడు) అది వేసుకుని కావలివాళ్ల పక్కనుంచే జారుకున్న రోజు టేబుల్ అంతా ఈలలు. ఉక్కుకూ అలాంటి గుణం ఒకటి చూడండి.

జగిత్యాల డైస్:
నా రూల్: క్రిటికల్ పడితే దెబ్బకు ఒక డై (పాచిక) ఎక్కువ. 1 పడితే అంచు పెచ్చు ఊడుతుంది. పదునుకు పదును, పెళుసుకు పెళుసు.

కాజీపేట రోగ్:
ఫైటర్‌కు 5వ లెవెల్‌లో రెండు దాడులు, 11లో మూడు. ఎన్ని ఎక్కువ వేస్తే అన్ని 1లు. ఆట నేర్చినకొద్దీ కత్తి అరుగుతుందన్నమాట! ఇదేం న్యాయం?

ఓరుగల్లు డీఎం:
నిజమే, ఆ 1 రూల్ తీసేస్తున్నా. ఎక్కువ డై ఉంటుంది, అదీ కమ్మరి పనిముట్లలో ప్రావీణ్యం ఉన్నవాడు సానపట్టినంత కాలమే. కానీ మాయా ఆయుధం కాకపోతే తోడేలు మనిషికి దెబ్బే తగలదు కదా, వెండి పూత కావాలి.

నిర్మల్ కొయ్యబొమ్మ:
తగలకపోనీ. వెండి కోసం ఊళ్లోకొచ్చి కమ్మరితో బేరమాడతారు. నీకో సెషన్ ఫ్రీగా దొరికినట్టే.

నాలుగో లెవెల్ ఫైటర్:
కత్తి నాదే. శనివారం రాతి గోలెం (మంత్రంతో కదిలే రాతి బొమ్మ) గుహలకు పోతున్నం. దానికి తగుల్తదా లేదా, గది చెప్పుండ్రి ముందు.

ఓరుగల్లు డీఎం:
తగలదు తమ్మీ. అడమంటైన్ సుత్తి ఎక్కడన్నా దొరుకుతుందేమో చూసుకో.

కాజీపేట రోగ్:
నాలుగో లెవెల్‌లో రాతి గోలెమా! సుత్తి తర్వాత, ముందు గుహకు రెండో దారి ఉందో లేదో కనుక్కోండి.