కొండ రైలు ఎక్కాలంటే ఏ నెల మంచిది? (తిరుపతి నుంచి, అమ్మానాన్నతో)

కోనేటికట్ట_పిల్ల:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైర్ అయినాడు, పాకాల లైను గూడూరు లైను రెండూ కాళ్లతో కొలిచిన మనిషి, కానీ ఊటీ టాయ్ ట్రైన్ మాత్రం ఇంతవరకు చూడలేదు. పట్టాల మధ్యలో రంపంలా పళ్లుండే పళ్ల పట్టా ఉంటుందంట కదా, దాన్ని ఒకసారి కళ్లతో చూడాలి అని ఎన్నేళ్లుగానో అంటున్నాడు. ఈసారి ఎట్లైనా తీసుకుపోవాలని అనుకున్నా.

ఇబ్బంది ఏందంటే ఎప్పుడు పోవాలో తేలడం లేదు. పిల్లలకి సెలవులు దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలం, ఈ మూడే. మా ఆయన పని చేసేది ఇక్కడ లాడ్జిలో, బ్రహ్మోత్సవాలప్పుడు లీవు అడిగితే ముఖం మీదే నవ్వుతారు, కాబట్టి దసరాకి పోతే ఆయన లేకుండానే పోవాలి. అమ్మకి ఘాట్ రోడ్డు పడదు, అలిపిరి దాటినాక రెండో మలుపుకే కవరు తియ్యాలి, అందుకే బస్సు కారు వద్దు రైలే కావాలి. గూగుల్ కొడితే ఒకడు ఏప్రిల్ మే అంటాడు, ఒకడు అక్టోబర్ నుంచి మార్చి అంటాడు, ఇంకొకడు ఏడాది పొడుగునా బాగుంటుంది అంటాడు, ఆ మూడోవాడిని అయితే నమ్మబుద్ధి కూడా కాలేదు. పోయొచ్చినవాళ్లు చెప్పండి. ఊటీనే కావాలని పట్టు ఏం లేదు, అరకు లాంటిదైనా సరే, కానీ నాన్న మనసు ఊటీ మీదే ఉంది.

సంతపేట_బండి:
అక్కా మాది చిత్తూరు. మొదట దారి చెప్తా, సీజన్ తర్వాత. చెన్నై నుంచి ఊటీ కొండ కింద ఉండే మేట్టుపాళయం పోయే నీలగిరి ఎక్స్‌ప్రెస్ కాట్పాడిలో ఆగుతాది, రాత్రి పదిన్నర పదకొండు మధ్యలో. మీరు తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి వచ్చేయండి, సుమారు 100 కిలోమీటర్లు, అక్కడ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి మేట్టుపాళయం. అదే స్టేషన్లో 7:10కి టాయ్ ట్రైన్. ఘాట్ రోడ్డు అనే మాటే లేదు, మీ అమ్మకి కవరు పని ఉండదు.

ఇంక సీజన్. దసరా వద్దంటే వద్దు. నేను పోయింది దీపావళి అయిన వారానికి. మూడు దినాలుగా ముసురు, మేట్టుపాళయంలో దిగితే బండి లేదన్నారు, పైన పట్టాల మీద బండలు మట్టి పడినాయంట. టికెట్ డబ్బులు మొత్తం వెనక్కి వచ్చినాయి, అది వేరే సంగతి, కానీ మా పాప ఏడ్చిన ఏడుపుకి ఎవరిస్తారు రీఫండు. చివరికి బస్సులో పోతిమి, 14 హెయిర్‌పిన్ మలుపులు, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తితే నావైపు ఒక చూపు చూస్తాది.

ఎర్రమన్ను_కెమెరా:
మే నెల మాత్రం వద్దండీ. ఊటీలో పూల ప్రదర్శన టైము, మనుషులు తప్ప పూలు కనపడవు. టాయ్ ట్రైన్ టికెట్లు బుకింగ్ తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టులోకి పోతాయి. ఇంతకుముందు 120 రోజుల ముందు బుక్ చేసుకునేవాళ్లం, 2024 నవంబర్ నుంచి 60 రోజులే. క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని పొద్దున్నే కూర్చోవాల్సిందే.

పుత్తూరోడు_వైజాగ్‌లో:
మాది పుత్తూరు, ఉద్యోగం వైజాగ్. తెలుగోళ్లం అయ్యుండి అందరూ ఊటీ మీదే పడతారేందబ్బా, మన అరకు ఏం పాపం చేసింది? వైజాగ్ నుంచి కిరండూల్ పోయే బండి పొద్దున ఏడు లోపలే బయలుదేరుతుంది, అరకు చేరేలోపు పదుల కొద్దీ సొరంగాలు, పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దాటినాక గొడవ పడతారు, ప్రతి ఇంట్లో ఇదే కథ. బొర్రా గుహల స్టేషన్ దాటినాక లోయ తెరుచుకుంటుంది చూడు, అప్పుడు ఫోన్ కూడా మర్చిపోతారు. అసలు ఈ లైను వేసింది మనలాంటి టూరిస్టుల కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. మీ నాన్నకి ఈ మాట చెప్పండి, గ్యాంగ్‌మన్ కదా, ఆ ఘాట్‌లో పట్టాలు కాపాడటం ఏంటో ఆయనకి మనకన్నా బాగా తెలుస్తుంది.

సీజన్ అంటే నవంబర్ మధ్య నుంచి జనవరి. వలిసె పూలు పొలాలన్నీ పసుపు పరిచినట్టు పూస్తాయి, అయితే అవి డిసెంబర్ చివరికొచ్చేసరికి తగ్గిపోతాయి, సంక్రాంతికి వచ్చి పూలేవీ అని అడగొద్దు. అక్టోబర్ మాత్రం జూదమే, బంగాళాఖాతంలో తుఫాన్ల నెల, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్ 12నే. జూలై ఆగస్టులో పచ్చదనం పిచ్చెక్కిస్తుంది కానీ ఆ వానలకి ఈ లైన్లో కూడా కొండచరియలు పడుతుంటాయి.

ఒకటి మాత్రం మీకు ఇబ్బంది, తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో వచ్చినా మీరు దిగేసరికి కిరండూల్ బండి వెళ్లిపోయి ఉంటుంది. ఒక రాత్రి వైజాగ్‌లో ఉండాల్సిందే. ఉంటే నష్టమేం లేదులెండి, బీచ్ ఉంది.

ఎర్రమన్ను_కెమెరా:
ఆ బండికి తగిలించే విస్టాడోమ్ అద్దాల పెట్టె సంగతి చెప్పలేదేం అన్నా?

పుత్తూరోడు_వైజాగ్‌లో:
చెప్పాలనిపించక చెప్పలేదు 😄 2017లో పెట్టారు, పైన అద్దం, సీటు తిరుగుతుంది, ఏసీ, అన్నీ బాగుంటాయి, పెద్దవాళ్లకి సుఖమే. కానీ కిటికీ తెరవలేం. కాఫీ తోటల మీదుగా వచ్చే ఆ చల్లగాలి ముఖానికి తగలకపోతే నా లెక్కలో ప్రయాణం కానట్టే. వానలో అయితే అద్దం మీద చుక్కలు తప్ప ఏం కనపడదు. నేనైతే స్లీపర్ కిటికీ పక్కన సీటే ఎంచుకుంటా. డిసెంబర్ ఆదివారాలు మాత్రం దేనికీ రావద్దు.

పళ్లపట్టా_పిచ్చోడు:
మొత్తం చదివాను. ఇక్కడ అందరూ చెప్పింది కరెక్టే కానీ అసలు కారణం ఎవరూ చెప్పలేదు, అది తెలిస్తే క్యాలెండర్ మీరే చూసుకోవచ్చు.

ఊటీకి ఏ సీజన్ మంచిది అని అడిగితే అది ఊరి గురించి అడిగినట్టు. మీరు ఎక్కేది ఊరు కాదు, కొండ. ఈ రైలు నీలగిరి కొండల్ని తూర్పు వైపు నుంచి ఎక్కుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వచ్చే నైరుతి వానలు పడమటి వైపు గూడలూరు దిక్కున దంచి కొడతాయి, తూర్పు వాలుకి వచ్చేసరికి సగం చప్పబడతాయి. ఈ తూర్పు వాలుకి అసలైన వాన ఈశాన్య రుతుపవనాలది, అంటే అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మొదట్లో. ఈ నెలలు ఎక్కడో విన్నట్టు లేవూ? మన తిరుపతికి వాన ఇచ్చేదీ అదే. 2021 నవంబర్‌లో మన ఊళ్లో ఇళ్లలోకి నీళ్లొచ్చింది, డిసెంబర్ 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు దొర్లి పడింది, అన్నీ ఆ గాలి తెచ్చిన వానలే. కాబట్టి తిరుపతి వాళ్లకి ఒక సులువు ఉంది, కపిలతీర్థంలో జలపాతం ఉరుకుతున్న రోజుల్లో ఈ రైలు దారిలోని కల్లార్ కూనూరు స్టేషన్ల మధ్య ఘాట్ కూడా నానుతూ ఉంటుంది అనుకోవచ్చు. అప్పుడు టికెట్ కొనొద్దు. సంతపేట అన్నకి జరిగింది అదే, దురదృష్టం కాదు, నెల అలాంటిది.

పళ్ల పట్టా ఉండేది కూడా సరిగ్గా అక్కడే, కల్లార్ నుంచి కూనూరు దాకా. ఏటవాలు 12కి 1, అంటే 12 మీటర్లు ముందుకి పోతే 1 మీటరు పైకి, మామూలు చక్రం జారిపోతుంది, అందుకే ఇంజన్ కింద పళ్ల చక్రం ఆ పట్టాని పట్టుకుని పైకి తోస్తుంది. తోస్తుంది అన్నది గమనించండి, ఎక్కేటప్పుడు ఆవిరి ఇంజన్ వెనకాల ఉంటుంది, ముందు పెట్టెలో కూర్చుంటే పొగ లేకుండా లోయ అంతా మీదే. స్టేషన్లో నిలబడి ఇంజన్ కిందకి ఒంగి చూస్తే మీ నాన్నకి కావలసింది కనిపిస్తుంది. కూనూరు పైన ఊటీ దాకా డీజిల్, పళ్లు ఉండవు. అందుకే ఎవరైనా కింద నుంచి ఎక్కే బండికి టికెట్ దొరక్కపోతే కూనూరు ఊటీ షటిల్ ఎక్కండి అంటే వినొద్దు, కేత్తి లోయ బాగుంటుంది నిజమే, కానీ మీ నాన్న అడిగింది అది కాదు కదా.

మొత్తం 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు, 326 మీటర్ల ఎత్తు నుంచి 2203 దాకా, దాదాపు ఐదు గంటలు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వచ్చింది, 2005లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

ఇప్పుడు మీ మూడు సెలవులు. దసరా లెక్కలోంచి పోయింది, వాన మొదలయ్యే టైము. ఎండాకాలం పట్టాలకి భయం లేదు కానీ జనం, పైగా మేట్టుపాళయంలోనే చెమటలు, మధ్యాహ్నానికి మబ్బు పట్టి కొండలు మసకేస్తాయి. మిగిలింది సంక్రాంతి. ఈశాన్యం అప్పటికి వెనక్కి పోయి ఉంటుంది, ఆకాశం కడిగినట్టు ఉంటుంది, ఆ వానలు తాగిన అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది. ఇంకొకటి, ఆవిరి ఇంజన్ అందం చలిలోనే, వేడి గాలిలో ఆవిరి కనపడకుండా కలిసిపోతుంది, జనవరి పొద్దున అయితే తెల్లగా గుబురుగా లేస్తుంది.

కోనేటికట్ట_పిల్ల:
అబ్బ ఎంత బాగా చెప్పారండీ. కపిలతీర్థం లెక్క నాన్నకి చదివి వినిపించినా, మేము నైట్ పెట్రోలింగ్ చేసేది కూడా ఆ నెలల్లోనే కదా, ఇది నాకు తెలియదా అన్నాడు 😀 తెలిసుంటే ఇన్నాళ్లూ చెప్పచ్చు కదా మరి.

ఇంకో రెండు డౌట్లు. జనవరి చలి పెద్దవాళ్లకి ఎట్లా? పొంగల్‌కి తమిళనాడు మొత్తం అక్కడే ఉంటుంది కదా?

సంతపేట_బండి:
చలి ఉండాది అక్కా, అబద్ధం చెప్పను. డిసెంబర్ జనవరిలో ఊటీలో తెల్లారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటాది. మన తిరుమల చలికి స్వెటర్ చాల్లే అనుకుని పోతే పళ్లు కొట్టుకుంటాయి, తిరుమల 850 మీటర్లు, అది 2200 కదా. మంకీ క్యాప్, సాక్సులు, పెద్దామెకి ఉన్ని శాలువా. ఇంకోటి ఎవురూ చెప్పరు, టాయ్ ట్రైన్ పెట్టెల్లో టాయిలెట్ లేదు. చలికి మాటిమాటికి పోవాల్సొస్తాది. మేట్టుపాళయంలోనే పని చూసుకుని ఎక్కండి, దారిలో హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజన్‌కి నీళ్లు పట్టేటప్పుడు దిగొచ్చు. అక్కడ కోతులుండాయి, చేతిలో మురుకు పాకెట్టు పెట్టుకుని దిగితే తిరిగి బండెక్కేది మీరే, పాకెట్టు కాదు.

కొండచిలువ_ఎక్స్‌ప్రెస్:
వాన వాన అని అందరూ భయపెడుతున్నారు, నేను వాన కోసమే పోయేవాడిని. కర్ణాటకలో సకలేశపురం సుబ్రహ్మణ్య ఘాట్ రైలు దారి జూలైలో చూడండి, ఏ రాయి చూసినా నీళ్లు కారుతుంటాయి, గోవా దారిలో దూధ్‌సాగర్ అయితే ఎండాకాలం తడిగోడ, వానాకాలం పాలసముద్రం. ఫిబ్రవరిలో పోయి జలపాతం ఏది అనేవాళ్లని చూస్తే జాలేస్తుంది. అయితే ఒప్పుకుంటా, బండి ఆగిపోతే రెండు రోజులు ఇరుక్కుపోవడానికి రెడీగా ఉండాలి, 2024లో సకలేశపురం ఘాట్ కొండచరియలు పడి మూతపడింది కూడా. పెద్దవాళ్లు పిల్లలు ఉంటే నా మాట వినొద్దు. బ్యాచిలర్లు ఎవరైనా చదువుతుంటే వినండి.

పళ్లపట్టా_పిచ్చోడు:
పొంగల్ జనం నిజమే. ఆ నాలుగు రోజులు తప్పించండి, మన స్కూళ్లకి సెలవులు ముందే మొదలవుతాయి కదా, భోగికి రెండు మూడు రోజుల ముందే పోయి పండక్కి ఇంటికి వచ్చేయండి. లేదంటే ఫిబ్రవరిలో శుక్రవారం ఒక్కరోజు స్కూలు ఎగ్గొట్టించండి, నన్ను అడిగితే అదే ఉత్తమం, చలి తగ్గుతుంది, జనం ఉండరు, మీ ఆయనకీ లీవు దొరకొచ్చు. మార్చి దాటితే అడవి ఎండుతుంది. తిరుగు ప్రయాణం ఊటీలో మధ్యాహ్నం 2కి ఎక్కితే సాయంత్రం ఐదున్నరకి కింద ఉంటారు, నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి 9 దాటాక, మధ్యలో తినడానికి బోలెడు టైము.

పుత్తూరోడు_వైజాగ్‌లో:
సరే ఈసారికి ఊటీ. వచ్చే డిసెంబర్‌కి అరకు, వలిసె పూలు ఉన్నప్పుడే, ఆదివారం కాకుండా. రాసి పెట్టుకోండి.

కోనేటికట్ట_పిల్ల:
అందరికీ థాంక్స్. ఫిబ్రవరి రెండో శుక్రవారం అనుకున్నాం. పిల్లల టీచర్‌కి జ్వరం అని చెప్పమని మా ఆయన సలహా, నేనైతే తాతకి పళ్ల పట్టా చూపించడానికి అని ఉన్నదే రాస్తా. బుకింగ్ డిసెంబర్‌లో తెరుచుకునే రోజుకి అలారం పెట్టేసినా. నాన్న ఇప్పటినుంచే పాత టార్చిలైటు తీసి తుడుస్తున్నాడు, ఇంజన్ కింద చీకటిగా ఉంటుందంట.