మార్కుల నివేదిక చదవడం మాకు నేర్పితే పిల్లలకు లెక్కలు వస్తాయా?

లెక్కల మాష్టారు, గుంటూరు

నిన్న చుట్టుపక్కల బడుల టీచర్లందరినీ పిలిచే కాంప్లెక్స్ సమావేశంలో గంటన్నర సేపు తెర మీద రంగుల గీతలు చూసి వచ్చాను. మా ఏడో తరగతి లెక్కల సగటు 41 శాతం, మండల సగటు 44 శాతం. మా గీత ఎరుపు, పక్క బడి గీత పసుపు. చివర్లో తలా ఒక కాగితం ఇచ్చి, ‘ఈ ఫలితాలను బట్టి మీ బోధనలో ఏం మార్చుకుంటారో రాయండి’ అన్నారు. ‘వెనుకబడిన విద్యార్థులపై ప్రత్యేక శ్రద్ధ వహిస్తాను’ అని రాశాను. పక్కకు తొంగి చూస్తే ఆయనా అదే రాశాడు. పోయిన ఏడాది కూడా ఇద్దరం అదే రాశాం.

వచ్చే నెల ఫలితాల విశ్లేషణ మీద మూడు రోజుల శిక్షణ ఉందట. నా మాట సూటిగా చెబుతాను. మాకు కావలసింది శిక్షణ కాదు. పిల్లలు రాసిన కాగితాలు, వాటిని చూసుకోవడానికి వారానికి రెండు ఖాళీ పీరియడ్లు. నలభై ఒకటి అనే అంకెను ఎన్ని రంగుల్లో చూపించినా అందులోంచి రేపటి పాఠం పుట్టదు. కాదనేవాళ్లు చెప్పండి.

టీచరమ్మ, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

మాష్టారూ, కాదనడానికే వచ్చాను. కాగితాలు చేతికిస్తే చాలు, చూడటం మనకు వచ్చు అనుకుంటున్నారు చూడండి, అక్కడే నా అభ్యంతరం. పదకొండేళ్లు నేనూ కాగితాలు దిద్దాను. ఒప్పుకు టిక్కు, తప్పుకు ఇంటూ, కింద మొత్తం. తప్పును చదవడం నాకు ఎవరూ నేర్పలేదు, నాకై నేను నేర్చుకోనూ లేదు.

రెండేళ్ల క్రితం ఐదో తరగతికి ఒక ప్రశ్న వచ్చింది: 503 నుంచి 278 తీసివేయండి. 26 మందిలో 9 మందే 225 అని సరిగ్గా చేశారు. మిగతా 17 మందికీ సున్నా వేసి పక్కన పెట్టాను. ఆ నెల శిక్షణలో పరిచయమైన ఒక రిసోర్స్ పర్సన్ మా బడికి వచ్చి, ‘మొత్తాలు చేత్తో మూసేయండి మేడం, ఏ తప్పు జవాబు ఎంతమంది రాశారో లెక్కపెట్టండి’ అన్నారు. లెక్కపెడితే 11 మంది 375 రాశారు. నలుగురు 235. ఇద్దరు 325.

375 ఎలా వస్తుందో చూడండి. మూడులోంచి ఎనిమిది పోదు, అందుకని ఎనిమిదిలోంచి మూడు తీశారు. సున్నాలోంచి ఏడు పోదు, ఏడులోంచి సున్నా తీశారు. పైది ఏది, కిందది ఏది అనే పట్టింపు లేదు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడమే. వీళ్లకు పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమనే సంగతే తెలియదు. 235 రాసిన నలుగురికి అప్పు తెలుసు. వందల నుంచి వచ్చిన పది పదుల్లో ఒకటి ఒకట్లకు ఇచ్చేశాం కనుక అక్కడ మిగిలింది తొమ్మిదేనని మరిచిపోయారు. 325 వాళ్లు అంతా సరిగ్గా చేసి, చివర అయిదును నాలుగు చేయలేదు. సున్నాలు పదిహేడు, జబ్బులు మూడు. అంతకు ముందయితే అందరికీ కలిపి ఒకే మందు పోసేదాన్ని: బోర్డు మీద ఇంకో అయిదు తీసివేతలు.

375 వాళ్లను విడిగా కూర్చోబెట్టి అట్టముక్కలతో చేసిన నోట్లు ఇచ్చాను. అయిదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు. ‘278 రూపాయల సరుకు కొన్నావు, డబ్బు కట్టు’ అన్నాను. ఒక పిల్ల ఆ మూడు బిళ్లలనూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒక వంద నోటు నా వైపు తోసి ‘చిల్లర ఇవ్వండి టీచర్’ అంది. పది పదులు ఇచ్చాను. అందులో ఒకటి మళ్లీ నాకే చాపి ‘దీనికి కూడా’ అంది. పుస్తకంలో అప్పు అని ఏడాదిగా చెబుతున్నది ఆ పిల్లకు ఆ పూట చిల్లర అని తెలిసింది.

శిక్షణకు వెళ్లకపోతే ఆ మనిషి నాకు తగిలేవారే కాదు. అందుకని శిక్షణే వద్దనకండి.

ఫిజిక్స్ సార్, పటమట

ప్రైవేటు వాళ్ల గోడు కూడా కాస్త వినండి. మాకు వారం వారం పరీక్ష. ఆదివారం రాస్తే సోమవారం పొద్దునకల్లా ర్యాంకుల జాబితా గోడ మీద ఉంటుంది. నెలకోసారి దాన్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. ఒక కుర్రవాడు పోయిన నెల 3 మార్కులు తగ్గి కింది సెక్షనుకు వెళ్లాడు, ఈ నెల 4 పెరిగి పైకి వచ్చాడు. ఈలోపు వాడికి టీచర్లు, నోట్సు, బెంచీ మీద స్నేహితుడు అన్నీ మారిపోయాయి. ఆ 3 మార్కులకు అంత బరువుందా అని అడిగితే, ‘డేటా చెబుతోంది కదా సార్’ అంటారు పైవాళ్లు.

తెనాలివాడు (ఉద్యోగరీత్యా గణాంకాలే నా పని)

పటమట సార్, ఆ 3 మార్కులు చాలావరకు ఏమీ చెప్పవు. లెక్క వేసి చూపిస్తాను. 20 ప్రశ్నల పరీక్ష అనుకోండి. పాఠంలో 60 శాతం నిజంగా వచ్చిన పిల్లవాడికి సగటున 12 రావాలి. ఏ ప్రశ్నలు తగిలాయన్న అదృష్టం మీద దాదాపు 2 మార్కులు అటూ ఇటూ ఊగడం మామూలు. ఈ వారం 10, వచ్చే వారం 14 వచ్చాయంటే మారింది పిల్లవాడు కాకపోవచ్చు, ప్రశ్నలు కావచ్చు. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ఓఎంఆర్ పరీక్షయితే, ప్రశ్న చదవకుండా వృత్తాలు దిద్దుకుంటూ పోయినా సగటున 5 వస్తాయి. అక్కడ 5 వచ్చినవాడికీ 7 వచ్చినవాడికీ మధ్య తేడా వెతకడం వృథా శ్రమ.

తరగతి మొత్తం సగటులో ఈ ఊగిసలాట చాలా తగ్గుతుంది. మనం చేసేది సరిగ్గా తలకిందులు. కొంత నమ్మదగిన సగటును తెర మీద చూసి వదిలేస్తాం, నమ్మరాని ఒక్క పిల్లవాడి ఒక్క మార్కు మీద సెక్షన్లు మార్చేస్తాం.

గుంటూరు మాష్టారూ, మీకు చూపించిన గీతల్లో జాతీయ సర్వేలవి కూడా ఉంటే ఒక జాగ్రత్త. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే (నాస్) 3, 5, 8, 10 తరగతులకు. 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ సర్వే 3, 6, 9 తరగతులకు. రెండూ కొన్ని బడుల్లో కొందరు పిల్లలను నమూనాగా తీసుకుని జిల్లా, రాష్ట్ర పరిస్థితి చెప్పడానికే. మీ బడి పిల్లల సంగతి వాటిలో వెతికితే దొరకదు. పైగా ఈ రెండింటి మధ్య, 2022 ఏప్రిల్‌లో, గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడ్డాయి. ‘గుంటూరు జిల్లా పెరిగింది, తగ్గింది’ అని పక్కపక్కన రెండు గీతలు గీస్తే, అవి రెండు వేరు వేరు గుంటూరులు.

ఒక అమ్మాయి తండ్రి, కృష్ణలంక

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డులో 72 పర్సంటైల్ అని ఉంది. మా మామగారు వందకు 72 వచ్చాయని వీధంతా చెప్పారు. ఇంతకీ అది ఏమిటి?

తెనాలివాడు

రాసినవాళ్లలో వందమందిని మార్కుల వరసలో నిలబెడితే సుమారు 72 మంది మీ అమ్మాయి వెనుక ఉంటారని. వచ్చిన మార్కులు 40 అయినా కావచ్చు, 90 అయినా కావచ్చు. మామగారిని మాత్రం ఇప్పుడు సరిదిద్దకండి.

విశ్రాంత డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకుడు

టీచరమ్మ గారి చిల్లర సంగతి చదివి సంతోషం కలిగింది. అయితే ఈ ప్రశ్నను మన దగ్గరే ఒకసారి తూచి చూశారన్నది ఎవరూ ఎత్తలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద అధ్యయనం నడిపారు. అందులో ఒక భాగంగా 100 బడుల టీచర్లకు పిల్లల పరీక్ష ఫలితాలను వివరంగా విశ్లేషించి, వాటిని ఎలా వాడుకోవాలో సూచనలతో సహా అందించారు. ఏడాది పొడవునా మనుషులు వచ్చి తరగతులు చూసి వెళ్లేవారు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. ఎవరైనా చూడటానికి వచ్చిన రోజున టీచర్లు మరింత చురుగ్గా పాఠం చెప్పారు. ఏడాది చివర మాత్రం ఆ పిల్లల మార్కులు, ఈ నివేదికలేవీ అందని బడుల పిల్లల మార్కుల కన్నా మెరుగ్గా లేవు.

అదే అధ్యయనంలో మరికొన్ని బడుల్లో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇస్తామన్నారు. అక్కడ మార్కులు పెరిగాయి. నివేదికలు వాళ్లకూ అందాయి. కాగితం ఒకటే, దాన్ని విప్పి చూడాలన్న అవసరం వేరు. మూడు రోజుల శిక్షణ ఆ అవసరాన్ని పుట్టిస్తుందా అన్నది నా అనుమానం.

సోషల్ టీచర్, మంగళగిరి

అయ్యా, ఈ మాట పట్టుకుని రేపు మా జీతాలకూ మార్కులకూ ముడి పెడతారు. అప్పుడు పరీక్ష హాల్లోనే జవాబులు చెప్పేస్తారు, గీతలన్నీ ఆకుపచ్చగా మారిపోతాయి. ఇప్పటికే మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి రాత్రి పదకొండు దాకా ఫోను పట్టుకుని కూర్చుంటున్నాం. పాఠం గురించి ఆలోచించే వేళ ఏదీ?

విశ్రాంత డైట్ అధ్యాపకుడు

బోనస్ పెట్టమని నేననలేదు. జవాబులు చెప్పేస్తారన్న భయం కాదనలేను గాని, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ఆ బడుల పిల్లలు మెరుగ్గా చేశారని అదే అధ్యయనం చెబుతోంది. కాపీ ఒక్కటే కారణమైతే అలా జరగదు కదా. మీ పదకొండు గంటల ఫోను సంగతి మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. నా దగ్గర చదివినవాళ్లు కూడా అదే చెబుతున్నారు.

టీచరమ్మ, అజిత్‌సింగ్ నగర్

సార్, మీరు చెప్పిన ఆ 100 బడుల్లో టీచర్లకు కాగితం అందింది. నాకు మనిషి దొరికారు. ఒక శనివారం మధ్యాహ్నం నా పక్కన బల్ల మీద కూర్చుని, మా పిల్లల కాగితాలే తిరగేశారు. తెర ఎదురుగా కూర్చోబెట్టేది, పక్కన కూర్చునేది రెంటినీ శిక్షణ అనే పిలుస్తున్నాం. తేడా నాకు తెలుసు.

ఇంకొకటి. తరగతి స్థాయి ప్రశ్నపత్రంలో సున్నా వచ్చిన పిల్లవాడి గురించి ఆ పత్రం ఇంకేమీ చెప్పలేదు. వాడు మూడో తరగతి దగ్గర ఆగాడా, అక్షరాల దగ్గరే ఆగాడా? ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ, పిల్లలు ఎంతవరకు చదవగలరో చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న చిన్న కాగితం ఉంది కదా: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తే పిల్లకు అయిదు నిమిషాలు. నలభై మందికి రెండొందల నిమిషాలు, వారంలో అయిపోతుంది. ఏ గీతా ఇవ్వని జవాబు అది.

లెక్కల మాష్టారు, గుంటూరు

నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. ముందు ఒక కోపం వెళ్లగక్కనివ్వండి. మా ఎరుపు గీత కింద ‘గత పరీక్షతో పోలిస్తే తగ్గుదల’ అని ఉంది. గత పరీక్ష అక్టోబరులో, ఈ పరీక్ష ఫిబ్రవరిలో జరిగాయి. ఫిబ్రవరి అంటే మిరప కోతల కాలం. మా పిల్లల్లో కొందరు చేలకు వెళ్లారు, కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు మా బడిలో కూర్చున్నారు. అక్టోబరులో రాసినవాళ్లు వేరు, ఫిబ్రవరిలో రాసినవాళ్లు వేరు. ఎవరు తగ్గారని?

అది అటుంచి, టీచరమ్మ గారి మీద పట్టుదలతో ఆదివారం ఏడో తరగతి కాగితాలు 34 ముందేసుకున్నాను. ‘బుట్టలో 84 బత్తాయిలున్నాయి. వాటిలో మూడో వంతు కుళ్లిపోయాయి. మిగిలినవి ఎన్ని?’ అన్న ప్రశ్న తీశాను. ఏడుగురే 56 రాశారు. కాబట్టి భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాలని నిర్ణయించుకునే ఉన్నాను. లెక్కపెడితే 15 మంది 28 రాశారు. అంటే మూడో వంతు కట్టడం వాళ్లకు వచ్చు, చివరి వాక్యం దాకా వెళ్లలేదు. ముగ్గురు 84లోంచి 3 తీసేసి 81 రాశారు. తొమ్మిది మంది ఏమీ రాయలేదు.

సోమవారం ఆ తొమ్మిది మందినీ పిలిచి ప్రశ్న పైకి చదవమన్నాను. ఆరుగురు ‘కుళ్లిపోయాయి’ దగ్గరే ఆగిపోయారు. లెక్క దాకా రానేలేదు.

శిక్షణకు వెళ్తాను. ఈ 34 కాగితాలూ సంచిలో పెట్టుకునే వెళ్తాను, తెర మీద నుంచి కళ్లు తిప్పి వీటిని చూడమని అడుగుతాను. చూడకపోతే మళ్లీ ఇక్కడికే వచ్చి పోట్లాడతాను.

మా తెలుగు మేడంకు ఆ ఆరుగురి పేర్లు చెప్పాను. ‘జూన్ నుంచి నా దగ్గర ఉన్నాయి మాష్టారూ, మీరు అడగలేదు’ అన్నారు. బుధవారం మూడో పీరియడ్ ఇద్దరం కలిసి కూర్చుంటున్నాం. టీచరమ్మ గారూ, ఆ చదివించే కాగితం మీ దగ్గరుంటే ఫొటో తీసి పెట్టగలరా?