20వ తేదీకే పర్సు ఖాళీ: 42,000 జీతం, 14 నెలల పాప, బెంగళూరు

కేఆర్ పురం అమ్మ:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. మూడేళ్ళుగా కేఆర్ పురం దగ్గర ఉంటున్నాం. మావారికి చేతికి వచ్చేది 42,000. పాప పుట్టాక నేను ఉద్యోగం మానేశాను. అద్దె, మెయింటెనెన్సు కలిపి 15,500. అత్తమామలకు 4,000 పంపాలి, అది ఆపే ప్రసక్తి లేదు. బండి వాయిదా 3,200. డైపర్లకు 2,400, పాప తినే డబ్బా సెరియల్‌కు 1,800. పాలు, సరుకులు, కూరగాయలు, పెట్రోలు అయ్యాక 20వ తేదీకి చిల్లర తప్ప ఏమీ మిగలడం లేదు. పోయిన నెల 24న గ్యాసు బండ వస్తే కింది ఇంటి ఆంటీ దగ్గర 900 అప్పు తీసుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు కానీ నాకే తల కొట్టేసినట్టయింది. ఇంతే జీతంతో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి. కాఫీ మానేయమని మాత్రం చెప్పకండి, నాకు అలవాటే లేదు.

బొమ్మనహళ్ళి అక్క:
ముందు ఆ డబ్బా ఆపు చెల్లీ. 14 నెలల పిల్ల మీరు తినే అన్నం, పప్పు, గుడ్డు మెత్తగా చేసి పెడితే తినేస్తుంది. పూటకు ఒకసారి జారుగా ఏదైనా కావాలంటే ఉగ్గు ఉండనే ఉంది. రెండు గ్లాసుల బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, గుప్పెడు కందిపప్పు కడిగి, పలుచని గుడ్డ మీద నీడలో ఆరబెట్టు. బియ్యం, పప్పు విడివిడిగా సన్నని సెగ మీద వేయించాలి. కలిపి వేయిస్తే బియ్యం పొంగేలోపు పప్పు మాడిపోతుంది, ఆ కమురు వాసనకు పిల్ల నోరు తెరవదు. చివర్లో అర చెంచా జీలకర్ర. మిక్సీలో రవ్వలా పట్టు, పిండి చేయకు. పిండి చేస్తే గిన్నెలో ఉండ కడుతుంది. మా అబ్బాయికి నెలకు నెయ్యితో కలిపినా 400 దాటలేదు.

రాత్రి డ్యూటీ నాన్న:
డైపర్ల సంగతి నేను చెబుతాను, మా ఇంట్లో ఆ శాఖ నాదే. రాత్రికి ఒకటి, బయటకు వెళ్తే ఒకటి. మిగతా పగలంతా గుడ్డ లంగోటీలు. పాత నూలు చీరలు రెండు చింపితే ఇరవై దాకా వచ్చాయి. ఖర్చు 2,400 నుంచి 900కు దిగింది. ఒక్క హెచ్చరిక: 2024 ఎండాకాలంలో మా బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్ళు కొనుక్కున్నాం. ఆ రెండు నెలలు గుడ్డలు ఉతకడం కంటే డైపర్లే చవకనిపించింది. మీ ఇంట్లో నీళ్ళ పరిస్థితి చూసుకుని దిగండి.

సర్జాపుర రోడ్డు:
టీకాలు ఎక్కడ వేయిస్తున్నారు?

కేఆర్ పురం అమ్మ:
ప్రైవేటు క్లినిక్‌లోనే. ఒక్కోసారి మూడు, నాలుగు వేలు అవుతోంది. ప్రభుత్వ కేంద్రానికి వెళ్ళాలంటే ఏదో భయం.

సర్జాపుర రోడ్డు:
భయపడాల్సిందేమీ లేదు. మీ పాపకు 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టరు, మీజిల్స్-రుబెల్లా రెండో మోతాదు, పోలియో బూస్టరు ఉంటాయి. ఈ మూడూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. మా దగ్గర గురువారం వేస్తారు, మీ దగ్గర ఏ రోజో ఆశా కార్యకర్తను అడగండి. తాయి కార్డు (ఇక్కడ గర్భిణికి ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) ఉంటే తీసుకెళ్ళండి, లేకపోతే క్లినిక్ వాళ్ళు ఇచ్చిన టీకాల పుస్తకం చూపించండి. డీపీటీ సూదికి జ్వరం కాస్త ఎక్కువే రావచ్చు, మందు అక్కడే అడిగి తీసుకోండి. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఏ మాత్రం ప్రభుత్వ పట్టికలో లేవు, వాటికి డబ్బు పెట్టుకోవాలి. పొద్దున 9 గంటలకే వెళ్ళండి. 11 దాటితే వరస చూసి మీరే వెనక్కి వచ్చేస్తారు.

లెక్కల పిచ్చి:
అమ్మా, మీరు అంకెలతో చెప్పినవన్నీ కూడితే 26,900. ఇంకా 15,100 మిగలాలి. ముగ్గురి ఇంటికి పాలు, సరుకులు, పెట్రోలు అందులో బిగుతుగానే గడుస్తాయి కానీ, 20వ తేదీకే సున్నా కాకూడదు. మీరు రాయనిది ఏదో ఉంది. చెప్పకపోయినా ఫరవాలేదు, కాగితం మీద మీకోసం రాసుకోండి.

కేఆర్ పురం అమ్మ:
ఉంది అన్నయ్యా. పాప మొదటి పుట్టినరోజుకు హాలు, భోజనాలు, అలంకరణ కలిపి 60,000 కార్డు మీద పెట్టాం. నెలకు 5,400 చొప్పున 12 వాయిదాలు. ఇంకా పది ఉన్నాయి. రాయడానికి మొహం చెల్లలేదు.

పాత కాపు:
మొహం చెల్లకపోవడం ఎందుకు? నేను మా వాడి పుట్టువెంట్రుకలకు బస్సు మాట్లాడి ఊరినంతా తిరుపతి తీసుకెళ్ళాను. ఆ అప్పు తీరేసరికి వాడు ఒకటో తరగతికి వచ్చాడు. చదివింపులు ఎంత వచ్చాయి?

కేఆర్ పురం అమ్మ:
18,500. వాషింగ్ మెషిన్ కొన్నాం. గ్రాము ఉంగరాలు నాలుగు వచ్చాయి.

లెక్కల పిచ్చి:
ఉంగరాలు రెండు అమ్మి కార్డు బాకీలో కొంత ముందే కట్టేయండి. అయితే కొంత మాత్రమే కట్టనిస్తారో లేదో, ముందుగా కడితే రుసుము, దాని మీద జీఎస్‌టీ ఎంత పడతాయో ఫోన్ చేసి కనుక్కున్నాకే.

బొమ్మనహళ్ళి అక్క:
పిల్లకు పెట్టిన బంగారం అమ్మమంటారా! ఇచ్చిన మేనత్త రేపు ఇంటికొచ్చి ఏదీ అంటే ఏం చెబుతుంది?

లెక్కల పిచ్చి:
బీరువాలో ఉందని చెబుతుంది. వడ్డీ మాత్రం మేనత్త కట్టదు కదండీ.

వైట్‌ఫీల్డ్ చెల్లి:
ఆ గొడవ మీరు తేల్చుకోండి. నేను చెప్పేది ఆధార్ సంగతి. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో టికెట్టు ఉచితం. కానీ గుర్తింపు కార్డులో ఇక్కడి చిరునామా ఉండాలి. నా కార్డులో మదనపల్లె ఉండేది, రెండేళ్ళు అనవసరంగా డబ్బులిచ్చి తిరిగాను. అద్దె ఒప్పందం పెట్టి మార్చుకున్నాను. కరెంటు సంగతి కూడా చూసుకోండి, గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం అద్దెకున్నవాళ్ళకూ వర్తిస్తుంది. మేము ఇల్లు మారినప్పుడు నా ఆధార్ పాత ఇంటి మీటరుకే తగులుకుని ఉండిపోయింది, దాన్ని విడిపించేదాకా రెండు నెలలు పూర్తి బిల్లు కట్టాం.

పాత కాపు:
చిరునామా మార్చేముందు ఒక్కసారి ఆలోచించుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ స్త్రీశక్తి ఉంది, అక్కడ ఆంధ్రా చిరునామా అడుగుతారు. మా కోడలు ఇక్కడ మార్చుకుంది, ఊరికెళ్ళినప్పుడల్లా టికెట్టు కొంటూ సణుగుతుంది.

వైట్‌ఫీల్డ్ చెల్లి:
ఊరికి ఏడాదికి మూడుసార్లు, ఇక్కడ బస్సు రోజూ. ఏది లాభమో మీ కోడలికే తెలుసులెండి బాబాయ్.

ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
అసలు ఖర్చు ఇంకా మొదలే కాలేదని చెప్పడానికి బాధగా ఉంది. మా పెద్దదాని ఎల్‌కేజీకి 58,000 అడిగారు, అందులో సగం చేరిన రోజే కట్టాలి. చిన్నదానికి అలా కాకూడదని బ్యాంకులో 12 నెలల ఆర్‌డీ వేశాను, నెలకు 2,000. తపాలా ఆర్‌డీ ఐదేళ్ళది కాబట్టి ఏడాది ఫీజుకు పనికిరాదు. సుకన్య సమృద్ధి ఖాతా మాత్రం తెరిచి పెట్టండి, ఏడాదికి 250 కట్టినా ఖాతా నిలుస్తుంది. అందులో డబ్బు చదువుకైనా 18 ఏళ్ళు నిండేదాకానో పదో తరగతి అయ్యేదాకానో తీయడానికి వీలుండదు. కాబట్టి కార్డు బాకీ ఉండగా అందులో ఎక్కువ పెట్టకండి.

కేఆర్ పురం అమ్మ (ఐదు వారాల తర్వాత):
ఎలా ఉన్నానో చెబుదామని వచ్చాను. ఉగ్గు మొదటి నాలుగు రోజులు ఉమ్మేసింది, ఐదో రోజు బెల్లం పాకం రెండు చుక్కలు వేస్తే తింటోంది. ఇప్పుడు పాకం లేకుండా తినదు, అది వేరే గొడవ. లంగోటీలు పగటి పూట సాగుతున్నాయి. టీకాల రోజు మా దగ్గర కూడా గురువారమేనట, వచ్చే నెల వెళ్తున్నాం. ఉంగరం ఒక్కటే అమ్మాం, మేనత్తది కాదు. ఆధార్ మార్చడానికి మావారు ఒప్పుకున్నారు, అత్తగారికి ఇంకా చెప్పలేదు. ఈ నెల 26వ తేదీకి 1,140 ఉన్నాయి. నిన్న కింది ఆంటీకి ఆ 900 ఇచ్చేశాను. ఆవిడ నూరు రూపాయలు పాప చేతిలో పెట్టి పంపింది.