అటారీ ఎస్‌టీ, అమిగా రెండూ వాడినవాళ్లు ఉన్నారా?

1985లో వచ్చిన ఈ రెండు కంప్యూటర్ల పోటీ గురించి మా కాలేజీ పిల్లలకు చెప్పాలి, ఒక్కచోట ఆగిపోయాను. రెండింటిలోనూ మోటరోలా 68000 ప్రాసెసరే. మనుషులు కూడా అటూ ఇటూ మారినవాళ్లే: కమొడోర్ స్థాపించిన జాక్ ట్రామియెల్ 1984లో బయటికొచ్చి అటారీ హోమ్ కంప్యూటర్ల విభాగాన్ని కొన్నాడు. అంతకుముందు అటారీకి చిప్‌లు చేసిన జే మైనర్ అమిగాను తయారుచేశాడు, దాన్ని కమొడోర్ కొనుక్కుంది.

అమిగా అభిమానుల వాదన నాకు అర్థమైంది: 4096 రంగులు, నాలుగు చానెళ్ల స్టీరియో సౌండ్, మల్టీటాస్కింగ్. నాకైతే అదే మెరుగైన యంత్రం. కానీ సంగీతకారులు ఎస్‌టీని వదల్లేదు. 1989లో సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ క్యూబేస్ కూడా దాని మీదే వచ్చింది. మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలను కంప్యూటర్‌తో కలిపే పద్ధతి) పోర్టులు మెషిన్‌లోనే ఉండటం ఒక్కటే కారణమా? అమిగాకి విడిగా మిడి ఇంటర్‌ఫేస్ తగిలిస్తే సరిపోయేది కదా! టైమింగ్‌లో తేడా చెవికి తెలిసేదా? లేక ధర, సాఫ్ట్‌వేరే తేల్చేశాయా?

అప్పట్లో యూరప్‌లోనో అమెరికాలోనో ఉండి ఈ రెండింటి మీదా మిడి వాడినవాళ్లు దయచేసి చెప్పండి. పాత పత్రికల స్కాన్‌లు ఉన్నా పంపండి, వచ్చే వారమే క్లాసు.